మంద వెంట నడిచిన కథ

పాశమైలారం, ఎద్దుమైలారం. పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టుపక్కల బస్సెక్కేవాళ్లకు రోజూ చెవిన పడే పేర్లివి. ఒకటి ఫ్యాక్టరీల పేట, ఇంకొకటి సైన్యానికి బండ్లు తయారుచేసే కర్మాగారం ఉన్న ఊరు. కండక్టర్ ఆ పేర్లు పిలిచినప్పుడల్లా నాకు ఒగ్గు కథకుల డోలు గుర్తుకొస్తుంది. మైలారుడంటే మల్లన్నే. కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించిన ‘క్రీడాభిరామం’లో మైలారదేవుడి భక్తులు కనిపిస్తారు. ఆ దేవుడి కథను మా చిన్నప్పుడు వాకిట్లో గొంగడి పరుచుకొని తెల్లవార్లూ విన్నాం.

అమెరికాలో పెద్ద వయసువాళ్లకు ‘బొనాంజా’ ఇలాంటి జ్ఞాపకమే. 1959 నుంచి 1973 దాకా ఎన్‌బీసీ టీవీలో వచ్చిన ఆ ధారావాహికలో బెన్ కార్ట్‌రైట్ అనే తండ్రి, ముగ్గురు తల్లులకు పుట్టిన ముగ్గురు కొడుకులు, పాండరోసా అనే పెద్ద పశువుల క్షేత్రం ఉంటాయి. చాలా ఏళ్లు అది ఆదివారం రాత్రే వచ్చేది. మనకూ మందలు కాసే ఇంటి కథ ఉంది. మల్లన్న వారమూ ఆదివారమే. వాళ్ల కథ టీవీ పెట్టెలో వచ్చింది, మన కథ డోలు భుజానికేసుకొని కాలినడకన వచ్చింది.

ఒగ్గు అంటే శివుడి డమరుకం. కురుమల, యాదవుల ఇళ్లలో మల్లన్నకు, బీరప్పకు పండుగ చేయించే పూజారులే ఈ కథలు చెబుతారు. మల్లన్న కథలో బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ అని ఇద్దరు భార్యలు. బీరప్పను పెంచి పెద్ద చేసింది అక్క మహంకాళి, పెళ్లాడింది కామరాతిని. కార్ట్‌రైట్ల ఇంట్లో ఆడవాళ్లు నిలవలేదు. మన కథలో ఇంటిని నిలబెట్టేదే అక్క. తమ్ముడి కోసం ఆమె పడే తిప్పలు వినేటప్పుడు మా వాడకట్టు ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకునేవారు. మేత కోసం జరిగిన పోరు వినాలంటే కాటమరాజు కథ ఉంది. నెల్లూరు పాలకుడు నల్లసిద్ధితో పుల్లరి అనే మేత పన్ను దగ్గర తగువు పుట్టి, అది ఎర్రగడ్డపాడు యుద్ధం దాకా పోయింది. పశువు, మేత, మాట, మర్యాద: ఏ దేశంలోనైనా మందల ఇంటి కథ వీటి చుట్టే తిరుగుతుంది.

ఒగ్గు బృందంలో నలుగురైదుగురుంటారు. ముందు నిలబడేది ప్రధాన కథకుడు. పక్కన వంత పాడే సహాయకుడు. వెనక డోలు, తాళాలు, కొన్నిచోట్ల నఫీరి. తెర లేదు, అరుగు కూడా అక్కర్లేదు. కథకుడి చేతిలోని తువ్వాలే సగం నాటకం. తలమీద కప్పితే కేతమ్మ, నడుముకు బిగిస్తే పోరుకు దిగిన వీరుడు, ఒళ్లో చుట్టిపెట్టుకుంటే ఉయ్యాలలో పసివాడు. ఒకే మనిషి క్షణంలో అత్త అవుతాడు, కోడలవుతాడు. గొంతు మారుతుంది, నడక మారుతుంది, చూసేవాళ్లకు తికమక ఉండదు.

కథ నడక వచనంలో సాగుతుంది. దుఃఖం ముదిరినచోట వచనం పాటలోకి ఒరుగుతుంది. పాట ముగిసేచోట డోలు విరుచుకుపడుతుంది. ఆ విరుపులో కథకుడు ఊపిరి తీసుకుంటాడు, జనం కూర్చున్నచోట సర్దుకుంటారు. రాత్రంతా వినగలిగేది ఆ లెక్క వల్లే.

సహాయకుడి పని చిన్నదనుకుంటారు చాలామంది. అతను “అవునా?” అంటాడు, “ఎవరా పిల్ల?” అని అడుగుతాడు. మనకు రావలసిన అనుమానం ముందు అతనికొస్తుంది. కథకుడు అతనికి చెబుతున్నట్టే ఊరందరికీ చెబుతాడు. ఊఁ కొట్టేవాడు లేకపోతే కథ అడుగు ముందుకు పడదు.

కథతోపాటు పట్నం వేస్తారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి వంటి రంగులతో నేలమీద దేవుడి కోట గీస్తారు. గంటల తరబడి వంగి వేసిన ఆ పట్నాన్ని చివరికి తొక్కి చెరిపేస్తారు. మళ్లీ ఏడు మళ్లీ వేయాల్సిందే. అందుకే ఆ చేతిపని మరుపున పడలేదు. మల్లన్న గుడి ఉన్న కొమురవెల్లిలో సంక్రాంతి తర్వాతి ఆదివారం నుంచి ఉగాది దాకా జాతర సాగుతుంది. శివరాత్రికి పెద్దపట్నం వేస్తారు.

ఈ కళను వాకిళ్లు దాటించినవాళ్లలో మాణిక్యాపురం చుక్క సత్తయ్య ముందుంటారు. వేల ప్రదర్శనలిచ్చి 2017లో కన్నుమూశారు. కవి సినారె పుట్టిన హనుమాజీపేటవాడే మరో ఒగ్గు కథకుడు మిద్దె రాములు.

కళ వాకిళ్లు దాటినా, మా ప్రాంతంలో దానికి ఆధారమైన మేత నేల తగ్గిపోయింది. 1960లలో రామచంద్రపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, తర్వాత పాశమైలారం, బొల్లారం పేటలు వచ్చాయి. పనులొచ్చాయి, ఇళ్లకు జీతాలొచ్చాయి. నక్కవాగు నీళ్లు మాత్రం రసాయనాలతో పాడై, గొర్లు మూతి పెట్టలేని స్థితికొచ్చాయి. ఇప్పుడు నల్ల గొంగడి చూడాలంటే నారాయణఖేడ్ వైపు పోవాలి. మంద అమ్ముకున్న ఇంటి కొడుకు షిఫ్టుకు పోతున్నాడు. ఏ తుమ్మ కింద మంద ఆగేదో, ఏ కుంటలో నీళ్లు తాగేదో అతనికి చెప్పేవాళ్లు తగ్గుతున్నారు.

ఒగ్గు విలువ నాకు ఇక్కడ తెలిసొచ్చింది. కథకుడు మందను తోలుకుపోతూ దారిలో ఊళ్లు, వాగులు, గుట్టలు వరసగా చెబుతాడు. మా తాత ఆ వరసలో మన ఊరి గుట్టను కూడా చేర్చమని అడిగేవాడు. కథకుడు నవ్వి చేర్చేవాడు. ఆ రాత్రికి మల్లన్న మంద మా గుట్ట మీదా మేసేది. ఆ గుట్ట ఇప్పుడు కంకరై రోడ్డు కిందికి పోయింది. దాని పేరు నాకు తెలుసంటే ఆ రాత్రి విన్నందువల్లే.

బీరంగూడ గుట్టమీద మల్లికార్జునస్వామికి శివరాత్రి జాతర జరిగినప్పుడు షిఫ్టు దిగినవాళ్లు ఫ్యాక్టరీ బట్టలతోనే వస్తారు. ఒగ్గు చెప్పించే ఇల్లు మీ దగ్గర్లో ఉంటే పిల్లల్ని తీసుకుపోండి. ఫోన్‌లో వీడియో తీసుకొని వెళ్లిపోకండి, కూర్చోండి. మీ ఊరి గుట్ట పేరో, కుంట పేరో కథకుడి చెవిన వేయండి. అతను దాన్ని కథలో కలిపినప్పుడు గట్టిగా ఊఁ కొట్టండి.