రోకటి పోటు, పాట నడక

శ్రమను మరచుటకే శ్రామికులు పాడుదురని జానపద గేయములను గూర్చిన వ్యాసములలో తరచుగా చదువుచుందుము. ఈ మాట సగము మాత్రమే నిజము. శ్రమను మరపించుటకు ముందు పాట దానిని నడిపించును. ఈ రెండవ గుణమును గుర్తింపనిచో, యంత్రములు వచ్చిన పిదప మన పల్లెలలో ఏది పోయినదో, ఏది పోవుటయే మేలైనదో తేల్చుట సాధ్యము కాదు.

సువ్వి పాటను పరిశీలింపుడు. ఒకే రోట ఇద్దరు స్త్రీలు దంచునపుడు ఒకరి రోకలి లేచుచుండగా మరియొకరిది దిగవలెను. క్షణము తప్పినచో రోకళ్ళు ఢీకొనును. అందుచే పాదము పొట్టిది. ఊనిక పోటు మీద పడును. రోకలి నెత్తునపుడు పీల్చిన ఊపిరి పోటుతో వెలువడును. 'సువ్వి' యను పల్లవి అర్థము కంటె ఈ ఊపిరికే ఎక్కువ పనికివచ్చినది. తిరుగలి పాట నడక వేరు. రాయి ఆగక తిరుగును గనుక పాదము సాగును, కథ పెరుగును. సీత కష్టములు, అత్తింటి ఆరళ్ళు, పుట్టింటి తలపులు అందులో తీరికగా ఇముడును. ఏతము పాటలోనో, తోడిన బానల లెక్కయే పాటలో చేరిపోవును. పనిముట్టు మారినచో గేయము నడక మారునని ఈ మూడింటిని పోల్చినచో తెలియును.

ఈ నడకలు ప్రౌఢ కవులకును తెలియనివి కావు. పాల్కురికి సోమనాథుడు తుమ్మెద పదములను, వెన్నెల పదములను పేర్కొనెను. 15వ శతాబ్దిలో అన్నమాచార్యుడు సువ్వి వరుసలో పదము కూర్పగా, దంపుడు నడక దేవుని కొలువునకు చేరినది. ఊరూర బియ్యపు మిల్లులు వెలసిన పిదప కూడ, 1986లో వచ్చిన 'స్వాతిముత్యం' చలనచిత్రములో సువ్వి పల్లవి మరల వినబడినది. కనుక యంత్రము పాటను చంపినదనుట సరి కాదు. పల్లవి బ్రతికియే ఉన్నది. పాడుచు తమ పనిని తామే నడుపుకొనుట పోయినది, పాడువారు వినువారైరి.

అట్లని రోకలి పోయినందుకు విలపింపవలెనా? దంచి దంచి అరచేతులు కాయలు కాచిన స్త్రీ ఆ పనిని పాట కొరకు కోరి చేయలేదు. మన రసానుభూతికై మరియొకరి భుజము నొప్పిని కోరుట సహృదయ లక్షణము కాదు. కాని కూలికి దంచి నూకలు, తవుడు ఇంటికి తెచ్చుకొను పేదరాలికి మిల్లు విశ్రాంతితోబాటు కూటికి లోటును కూడ తెచ్చినది. ఈ రెండింటిని కలిపి చెప్పని విలాపము గాని, స్తోత్రము గాని అసంపూర్ణము.

బాధను తీసికొను యంత్రమునకును, నడకను లాగుకొను యంత్రమునకును భేదము కలదు. దానిని నేతపనిలో స్పష్టముగా చూడవచ్చును. పోచంపల్లి చీరకు ఆసు పోయునపుడు చేతిని సుమారు 9,000 మారులు మేకుల నడుమ త్రిప్పవలెను. తల్లి లక్ష్మి పడు బాధను చూచి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రమును రూపొందించి, దానికి ఆమె పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఆ యంత్రము భుజమునకు విశ్రాంతి నిచ్చినది. అద్దకమును, నేతను మనిషి చేతికే విడిచినది. సిరిసిల్ల మరమగ్గముల సంగతి వేరు. అచట ఒక్క కార్మికుడు పలు మగ్గములను కనిపెట్టవలెను. వేగమును నిర్ణయించునది మోటారు. ఆ చప్పుడులో ప్రక్కవానితో మాటయే సాగదు. ఇక పాట ఎట్లు సాగును?

చప్పుడు లేని యంత్రములును నడకను లాగుకొనగలవు. నేడు నగరములలో ఇంటింటికి భోజనము చేరవేయు యువకుని చూడుడు. అతని చెవిలో పాట మ్రోగుచుండవచ్చును. కాని ఎటు పోవలెనో, ఎంతలో చేరవలెనో చెప్పునది చేతిలోని ఫోను. పాట ఒక దారిని, పని ఒక దారిని నడచుచుండును. సువ్వి పాటలో ఎదుటి స్త్రీ లేనిదే పాదము పూర్తి కాదు. ఈ పాటకు తోడు అక్కరలేదు.

నేదునూరి గంగాధరంగారి సేకరణలు, 1958లో గ్రంథరూపమున వెలువడిన బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' మనకెన్నో పాటలను దక్కించినవి. ఇకమీది సేకర్తలు పాటతోబాటు పనిని కూడ వ్రాసికొనవలెను: ఏ పనిముట్టు, ఎందరు మనుషులు, ఊపిరి ఎచట, కూలి ఎంత, వేగమును నిర్ణయించినది ఎవరు. దంచిన చేతులు గల వృద్ధురాండ్రు కొన్ని ఊళ్ళలో ఇంకను కలరు. వారి గొంతును ఫోనులో పట్టుకొని వచ్చుట చాలదు. రోకలిని వారి చేతికిచ్చి, పోటు ఏ మాట మీద పడునో అడిగి తెలిసికొనవలెను.