ఉపకారం, దీవెన, రుణం: మూడు మాటల మీద ఒక పరిశీలన

మా ముందు మూడు కాగితాలున్నాయి. ఒకటి, గ్రామ సచివాలయం గోడకి అంటించిన అర్హుల, అనర్హుల జాబితా. రెండోది, అనకాపల్లిలో ఒక బ్యాంకు మా వాడ కుర్రాడి పేరున పంపిన విద్యారుణం వాయిదా నోటీసు. మూడోది చిన్న చీటీ. ఫీజు బకాయి తీరేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వబడవని ఒక ప్రైవేటు కాలేజీ గుమస్తా రాసిచ్చింది. సాహిత్య విమర్శ రాసేవాళ్లం యీ కాగితాల జోలికెందుకు పోవాలని కొందరు మిత్రులు అడిగారు. మా వాళ్లు అన్నిటికంటే శ్రద్ధగా చదివేది యీ కాగితాలనే గనుక. కవితలో ఒక మాట తప్పు చదివితే కవికి కోపం వస్తుంది, అంతే. ఇక్కడ ఒక మాట తప్పు చదివితే ఏడాది చదువు పోతుంది.

ముందు పేరు సంగతి. స్కాలర్‌షిప్‌కి తెలుగులో ‘ఉపకార వేతనం’ అని పేరు పెట్టినవాళ్లెవరో గాని, పొసగని రెండు మాటల్ని ఒక తాటికి కట్టారు. వేతనం అంటే చేసిన పనికి వచ్చేది, అడిగి పుచ్చుకునేది. ఉపకారం అంటే ఎదుటివాడి దయ, ఇస్తే దణ్ణం పెట్టాలి, ఇవ్వకపోతే నోరు మూసుకోవాలి. మా అయ్య అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసిన కలాసీ. సాయంత్రం కూలి లెక్కపెట్టుకుని తీసుకునేటప్పుడు ఆయన ఏనాడూ చేతులు కట్టుకోలేదు. అదే మనిషి మా స్కాలర్‌షిప్ కాగితం మీద సంతకం కోసం ఆఫీసు గడప తొక్కితే కండువా తీసి చంకలో పెట్టుకునేవాడు. ఆ కండువా దిగడంలో పేదరికానికి ఎంత పాత్ర వుందో, ఆ ‘ఉపకారం’ అనే మాటకీ అంత వుందని మాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.

యీ పట్నంలో పాత కాలేజీ పేరే వర్తక సంఘానిది. ఏ.ఎం.ఏ.ఎల్. అంటే అనకాపల్లి మర్చంట్స్ అసోసియేషన్ లింగమూర్తి కాలేజీ. వర్తకుల సొమ్ము చదువుకి దారి వేసిందంటే మేం కాదనం, మెచ్చుకోవాల్సిందే. కాకపోతే ఆ పేరులో వర్తకుడున్నాడు, కలాసీ లేడు. దానం అనేది ఇచ్చినవాడి పేరునే గుర్తుపెట్టుకుంటుంది.

అంబేద్కర్ జీవితంలో యీ మాటల గొడవ మరీ స్పష్టంగా కనబడుతుంది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన నెలకి పదకొండున్నర పౌన్ల స్కాలర్‌షిప్‌తో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. వెళ్లేముందు, తిరిగొచ్చాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేస్తానని ఒప్పందం రాసిచ్చాడు. 1917లో మాట ప్రకారం బరోడా వెళ్లాడు కూడా. ఆ ఊళ్లో అంటరానివాడికి అద్దెకి ఒక గది పుట్టలేదు. పార్సీల సత్రంలో పేరు మార్చుకుని తలదాచుకుంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. కొలువు అక్కడితో సరి. తర్వాత సంస్థానం ఆ చదువు ఖర్చుని బాకీగా లెక్కగట్టి తిరిగి కట్టమని అడిగింది. తలదాచుకోడానికి చోటివ్వని ఊరే బాకీ అడిగిందన్నమాట. మహారాజు మంచివాడే కావచ్చు. ఆయన మంచితనం మీద ఆధారపడిన చదువు ఏ క్షణాన్నయినా అప్పుగా మారగలదన్నదే మేం చూడమంటున్నది.

అదే అంబేద్కర్ 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడుగా వుండి, షెడ్యూల్డ్ కులాల పిల్లల పై చదువులకి ఏడాదికి 3 లక్షల రూపాయలు కావాలని విజ్ఞాపన పెట్టాడు. బెనారస్ హిందూ, అలీఘర్ ముస్లిం విశ్వవిద్యాలయాలకి సర్కారిస్తున్న గ్రాంటుతో పోల్చి మరీ అడిగాడు. వాళ్లకిస్తున్నారు గదా, మాకేదీ అన్నాడు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అలా వచ్చింది. దాని పుట్టుకలో ఉపకారం లేదు, వాటా వుంది. తెలుగు పేరులో మాత్రం వాటా పోయి ఉపకారం మిగిలింది.

ఇక అర్హత. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదని 2013లో గీత గీశారు. నెలకి 20,833 రూపాయలు. 2017లో బీసీ క్రీమీలేయర్ గీతని 8 లక్షలకి పెంచారు. 2019లో అగ్రకుల పేదలకి 10 శాతం రిజర్వేషన్ తెచ్చినప్పుడు పేదరికం అంటే 8 లక్షలన్నారు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం అయిదేళ్లకి 59,048 కోట్లతో యీ స్కాలర్‌షిప్‌ని తిరిగి తీర్చిదిద్ది, 60 పాళ్లు కేంద్రం, 40 పాళ్లు రాష్ట్రం భరించాలంది. డబ్బు పెరిగింది, నిజమే. మా గీత మాత్రం కదల్లేదు. నెలకి 60 వేలు వచ్చే అగ్రకుల ఇల్లు పేదిల్లు, 21 వేలు వచ్చే మాదిగ ఇల్లు కాదు! రిజర్వేషన్‌కీ స్కాలర్‌షిప్‌కీ పోలికేమిటని అడ్డు తగిలేవాళ్లుంటారు. సరే, 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో వడ్డీ రాయితీకే 8 లక్షల గీత పెట్టారు. దానికేమంటారు?

విద్యా దీవెనకి మన రాష్ట్రం పెట్టిన నిబంధనలు ఇంకా తమాషాగా వుంటాయి. మాగాణి అయితే 10 ఎకరాలు, మెట్ట అయితే 25 ఎకరాలు దాటకూడదు. పాతికెకరాల మెట్ట! మా వాడ మొత్తం భూమి ఒక్కరి పేరున రాసినా యీ గీత దాటదు. యీ కొలత ఎవరి పొలం గట్టు మీద నిలబడి కొలిచిందో వేరే చెప్పనక్కర్లేదు. పొలం ఆదాయం అంచనా, రైతు ఎంతంటే అంత. జీతం ఆదాయం కంప్యూటర్ లెక్క, రూపాయి దాగదు. అంచేత భూమి వున్నవాడు అర్హుడవుతాడు, భూమి లేక కంపెనీకి పోయినవాడు అనర్హుడవుతాడు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి వుండకూడదన్న నిబంధన నుంచి పారిశుధ్య కార్మికుల్ని మినహాయించారు. మంచి పనే, మేం స్వాగతిస్తాం. అయితే ఒక మాట. ఆ కాగితంలో, చీపురు పట్టే చేతులు ఎవరివో సర్కారుకి తెలుసునని ఒప్పుకున్న చోటు ఆ ఒక్క వాక్యమే.

‘దీవెన’ సంగతికొద్దాం. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చింది. దాని చలవన ఇంజనీరింగ్ కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం మా కళ్ల ముందే వుంది. ఆ మేలుని తీసిపారెయ్యడం మా ఉద్దేశం కాదు. రీయింబర్స్‌మెంట్ అంటే ముందు కట్టినవాడికి తర్వాత తిరిగివ్వడం. ముందు కట్టే శక్తి లేకే గదా వచ్చాం? 2020లో అది జగనన్న విద్యా దీవెన అయింది. తిండికీ వసతికీ వసతి దీవెన పేరున డిగ్రీ ఆపైన చదివేవాళ్లకి 20 వేలు, పాలిటెక్నిక్‌కి 15 వేలు, ఐటీఐకి 10 వేలు అన్నారు. దీవెన పెద్దవాళ్ల చేతిలోంచి వంగిన తల మీద పడుతుంది. కూలి ఎగ్గొడితే అడగొచ్చు, దీవెన బకాయి పడితే ఏ కోర్టుకెళ్లి అడగాలి?

2021 నుంచి ఫీజు డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. దీన్ని మేం రెండు విధాలుగా చూస్తాం. ఏనాడూ కాలేజీ గేటు దాటని మా తల్లులు ప్రిన్సిపాల్ ముందు కూచుని ‘మా గుంటకి పాఠాలు సరిగ్గా సెప్తన్నారా’ అని అడిగే వీలు కలిగింది. అది చిన్న విషయం కాదు. కాని డబ్బు ఆలస్యమైన ప్రతిసారీ కాలేజీ దృష్టిలో బాకీదారు సర్కారు కాకుండా తల్లే అయింది. సర్కారు కట్టాల్సిన అప్పు ఆడకూతురి పేరున నమోదైంది. 2024లో ప్రభుత్వం మారాక పేర్లు తీసేసి ఆర్టీఎఫ్, ఎంటీఎఫ్ అన్నారు, ఫీజు నేరుగా కాలేజీలకే ఇస్తామన్నారు. బకాయిలు మీవంటే మీవని రెండు పార్టీలూ అనుకున్నాయి. మా చేతిలో చీటీ మాత్రం అలాగే వుంది. కాలేజీలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టే పెట్టుకోరాదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ సంగతి మా పిల్లల్లో ఎంతమందికి తెలుసు? మన సంఘాలు ఎంతమందికి చెప్పాయి? 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లని ఫీజు పథకంలోంచి తీసేసింది. మొదటి తరం డిగ్రీ దగ్గర ఆగిపోతే చాలని అనుకున్నారు కాబోలు.

మూడో మాట రుణం. మన శాస్త్రాలు మనిషి మూడు ఋణాలతో పుడతాడన్నాయి, దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం. ఋషి ఋణం వేదం చదివి తీర్చాలట. చదవనివ్వని వాళ్లకి ఆ ఋణం ఎలా అంటుకుంటుంది? ఇన్ని వేల ఏళ్లూ లేని ఆ ఋణం ఇప్పుడు బ్యాంకు రూపంలో మాకూ వచ్చింది.

నోటీసులో వున్న కుర్రాడి తండ్రి అచ్యుతాపురం సెజ్‌లో కాంట్రాక్టు కార్మికుడు. ఆదాయ సర్టిఫికెట్లో 2,60,000 పడింది. గీత దాటింది పది వేలు. పిల్లాడు ఏడాదికి లక్ష చొప్పున నాలుగు లక్షలు అప్పు తీసుకుని ఇంజనీరింగ్ చదివాడు. లెక్క సులువుకి వడ్డీ 10 శాతం అనుకుందాం. చదివే నాలుగేళ్లూ, ఆపైన ఏడాదీ వాయిదా కట్టక్కర్లేదు. కట్టక్కర్లేదంటే వడ్డీ లేదని మా వాళ్లు అనుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు. ఆ కాలానికి సాధారణ వడ్డీ పడుతూనే వుంటుంది. మొదటి లక్షకి 50 వేలు, రెండోదానికి 40, మూడోదానికి 30, నాలుగోదానికి 20. మొత్తం లక్షా నలభై వేలు. వాయిదాలు మొదలయ్యేనాటికి అప్పు 5 లక్షల 40 వేలు. పదిహేనేళ్లలో తీరిస్తే నెలకి సుమారు 5,800, మొత్తం పది లక్షల 44 వేల పైచిలుకు. పదేళ్లలో అయితే నెలకి 7,136, మొత్తం ఎనిమిదిన్నర లక్షలు దాటుతుంది. నెల వాయిదా తగ్గిందని సంబరపడితే మొత్తం పెరుగుతుంది.

ఇందులో మా కడుపు మండే సంగతి ఇంకొకటుంది. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపున్నవాళ్లకి, గుర్తింపు పొందిన వృత్తి, సాంకేతిక కోర్సులు చదివితే, ఆ అయిదేళ్ల వడ్డీని కేంద్రమే కడుతుంది. 2009 నుంచి వున్న పథకం ఇది. 2.5 లక్షల గీత దాటి స్కాలర్‌షిప్ పోయినవాడు 4.5 లక్షల గీత లోపలే వున్నాడు గదా! ఆ లక్షా నలభై వేలు అతని నెత్తిన పడక్కర్లేదు. బ్యాంకులో ఆదాయ పత్రం ఇచ్చి అడగాలి. చదువు మధ్యలో మానేస్తే ఆ రాయితీ పోతుంది, అనారోగ్యం వల్లయితే తప్ప. 4 లక్షల దాకా పూచీ అడగకూడదు. విద్యార్థి సిబిల్ స్కోరు బాగాలేదని విద్యారుణం నిరాకరించడం తగదని 2023లో కేరళ హైకోర్టు చెప్పింది. లేదని నోటితో అంటే, అదే మాట కాగితం మీద రాసిమ్మని అడగాలి. మన సభల్లో మనువుని తగలబెట్టడం జరుగుతోంది, జరగాలి కూడా. బ్యాంకు ఫారం చదవడం మాత్రం ఏ సభలోనూ జరగడం లేదు.

మన సాహిత్యం కూడా యీ చోట మౌనంగానే వుంది. బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలేరు చదువుకుని డిప్యూటీ కలెక్టరయ్యాడు. ఆ నాటకం చూసి బడికెళ్లిన మా తాతల తరం వుంది, దాని విలువ తక్కువది కాదు. తర్వాత వచ్చిన మా కథల్లో, కవితల్లో బడి బయట నిలబెట్టిన అవమానం వుంది, ఉద్యోగంలో చేరాక అవమానం వుంది. మధ్యలో ఫీజు, మెస్ బిల్లు, ఆగిపోయిన ఫెలోషిప్, వీటి జాడ చాలా తక్కువ. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల పోయాడు. ఆఖరి ఉత్తరంలో తనకి ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్భై అయిదు వేలు రావాలని రాశాడు. ఒక మిత్రుడికి తాను బాకీ వున్నది అందులోంచి తీర్చమన్నాడు. ఆ ఉత్తరంలో నక్షత్రాల గురించి రాసిన వాక్యాల్ని అందరూ ఎత్తి రాసుకున్నారు. బాకీల వాక్యాల్ని విమర్శకులు వదిలేశారు. మా దృష్టిలో ఆ ఉత్తరాన్ని ఆ వాక్యాల దగ్గర్నుంచే చదవడం మొదలెట్టాలి. 2022లో ఎస్సీ విద్యార్థుల జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ నిబంధనల్లో భారత సంస్కృతి, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధనకి డబ్బివ్వమని చేర్చారు. డబ్బు ఎవరికిస్తామన్నది మొదటి అర్హత, ఆ డబ్బుతో ఏం ఆలోచించకూడదన్నది రెండోది.

బ్యాంకు అప్పుని వెట్టితో సమానం చెయ్యడం మా ఉద్దేశం కాదు. అలా అంటే వెట్టి చేసినవాళ్లని తక్కువ చేసినట్టవుతుంది. అయినా ఒక సంగతి చెప్పాలి. ఆ నోటీసు పట్టుకుని కుర్రాడి తండ్రి మా ఇంటికొచ్చాడు. చదివి వినిపించాం. పైన కొడుకు పేరు, కింద సహ రుణగ్రహీతగా ఆయన పేరు.

“ఇద్దరి పేర్లూ ఎందుకేసార్రా బాబు?” అన్నాడు.

ఒకరు కట్టకపోతే రెండోవాళ్లు కట్టాలన్నాం.

“మా అయ్య నన్ను పాలికాపుగా ఎట్టినపుడు కూడా కాయితం మీద రెండు ఏలిముద్రలే ఏసారు. ఆయనది, నాది. నాకు పదేళ్లప్పుడు.”

మర్నాడు ఆయన్ని తీసుకుని బ్యాంకుకెళ్లాం. వడ్డీ రాయితీ కోసం అప్పుడే ఎందుకు అడగలేదని అడిగారు. మీరెందుకు చెప్పలేదని మేం అడిగాం. కాసేపయ్యాక, అప్పు మంజూరయిన ఏడాది ఆదాయ సర్టిఫికెట్ తెస్తే పైవాళ్లకి రాస్తామన్నారు. అదే, 2,60,000 పడి స్కాలర్‌షిప్ పోగొట్టిన కాగితం. కోపంలో చింపేశానేమోనని ఆయన దారి పొడుగునా అంటూనే వున్నాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మంచం కింద రేకు పెట్టె బయటికి లాగాడు.