వేడిని తరలించుట వేరు, తగ్గించుట వేరు

వేసవిలో మట్టికుండలోని నీరు ఎందువలన చల్లబడునో ఉన్నత పాఠశాల విద్యార్థి ఎరుగును. కుండ గోడలకు ఊరిన నీరు ఆవిరిగా మారుచు, అందుకు వలసిన గుప్తోష్ణమును లోపలి నీటినుండి తీసికొనును. ఈ పాత సూత్రమే నేడు అతివేగముగా పనిచేయు ఆటల కంప్యూటరును చల్లగా నుంచుటకు ఉపయోగపడుచున్నది. అమెరికాలోని ఎన్విడియా సంస్థ 2025 జనవరిలో విడుదల చేసిన ఆర్‌టిఎక్స్ 5090 అను గ్రాఫిక్స్ కార్డు ఇందుకు మంచి ఉదాహరణము. ఆ సంస్థ తానే రూపొందించి ‘ఫౌండర్స్ ఎడిషన్’ అని పేరిడిన నమూనాలో మెచ్చదగినది ఎంత, లోపమెంత అని విచారించుట భౌతికశాస్త్రము చదువువారికి ప్రయోజనకరము.

ఆటలోని దృశ్యములను క్షణక్షణము లెక్కగట్టి తెరపై చిత్రించు భాగమే గ్రాఫిక్స్ కార్డు. దీని చిప్పు వైశాల్యము సుమారు 750 చదరపు మిల్లీమీటర్లు. అనగా ఒక తపాలా బిళ్లయంత. అందు 9,220 కోట్ల ట్రాన్సిస్టర్లు ఇమిడియున్నవి. కార్డు మొత్తము 575 వాట్ల వరకు విద్యుత్తును గ్రహించును. ఈ శక్తి ఎచటికి పోవును? ఇది బరువులెత్తుట లేదు, నీరు తోడుట లేదు. లెక్కలు ముగియుసరికి దాదాపు అంతయు ఉష్ణముగానే మారును. ఇంటిలోని 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె ఇచ్చు వేడిలో ఇది సగమునకు మించినది. శక్తి నిత్యత్వ నియమమునుండి ఏ యంత్రమునకును మినహాయింపు లేదు.

ఇంత వేడిని ఇంత చిన్న తావునుండి బయటికి తీయుటలో ఈ నమూనా చూపిన నేర్పు నిజముగా మెచ్చదగినది. రెండు లోహపు పలకలను ఎంత నునుపుగా చేసి ఒకదానిపై నొకటి పెట్టినను నడుమ సన్నని గాలిపొర మిగులును. రాగి గాలికంటె సుమారు 15,000 రెట్లు ఎక్కువగా ఉష్ణమును ప్రసరింపజేయును. కనుక ఆ గాలిపొర వేడికి అడ్డుగోడ. దానిని తొలగించుటకు ఇచట ద్రవలోహపు పూత వాడబడినది. దానిపై ఆవిరిగది యున్నది. గాలి తీసివేసి కొలది ద్రవము మాత్రము ఉంచిన పలుచని లోహపు పెట్టె యిది. వేడిమి తగిలిన చోట ద్రవము ఆవిరియై, చల్లని చోట మరల ద్రవమై, తిరిగి వచ్చును. కుండనుండి పోయిన ఆవిరి తిరిగిరాదు, ఇచట వచ్చును. భేదము అంతయే. అచటినుండి వేడి సన్నని లోహపు రెక్కలకు చేరగా, రెండు పంకాలు వాని నడుమనుండి గాలిని సూటిగా పంపును. గాలికి అడ్డు లేకుండుటకై విద్యుత్ పలకను మూడు ముక్కలుగా విభజించి, ముఖ్యమైన ముక్కను నడుమకు కుదించిరి. 2022లో వచ్చిన ఆర్‌టిఎక్స్ 4090 ఇదే సంస్థ నమూనాలో 450 వాట్లకు మూడు కార్డుల చోటు ఆక్రమించెను. ఇది 575 వాట్లకు రెండు కార్డుల చోటుతో సరిపెట్టుకొనినది.

ఇక లోపములు. ఈ పంకాలు వేడిగాలిని కంప్యూటరు పెట్టెలోనికే వదలును. దానికి పైన ముఖ్య ప్రాసెసరు ఉండుటచే, తనను చల్లబరచుకొనవలసిన ప్రాసెసరు పొరుగు కార్డు విడిచిన వేడిగాలిని పీల్చవలసి వచ్చును. 575 వాట్ల వేడిని గాలి మోసికొనిపోవునపుడు ఆ గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు మించి పెరుగకుండవలెనన్న, సెకనుకు సుమారు 48 లీటర్ల గాలి పెట్టెగుండా పోవలెను. గాలి విశిష్టోష్ణము, సాంద్రత తెలిసిన విద్యార్థి దీనిని తానే లెక్కించి చూడవచ్చును. ఇట్టి పెట్టెకు ముందువైపు గాజుపలక బిగించి, లోపల రంగుదీపములు వెలిగించి, గాలి దారిని ఇరుకుచేయు ఆచారము శాస్త్రదృష్టికి ఎంతమాత్రము నిలువదు.

వేరొక పరిమితి కూడ కలదు. పంకాగాని, నీటి గొట్టములుగాని, చిప్పును గదిలోని గాలికంటె చల్లగా చేయజాలవు. గది 25 డిగ్రీల వద్ద నున్నపుడు చిప్పు 75 డిగ్రీలకు చేరినచో, అదే పంకా వేగముతో, 40 డిగ్రీల గదిలో అది 90 డిగ్రీలను సమీపించును. మే నెలలో రెంటచింతలలో నివసించువారికి ఈ లెక్క వినోదము కాదు. పైగా పెట్టె చల్లబడుట యన్న గది వేడెక్కుటయే. ఆ గదిని చల్లబరచుటకు ఎయిర్ కండిషనర్ పెట్టినచో విద్యుత్తు ఖర్చు రెండవ మారు మొదలగును.

అయితే అసలు విమర్శ దీనికంటె లోతైనది. 4090నుండి 5090కు విద్యుత్తు సుమారు 28 శాతము పెరిగెను. ఆటలలో వేగము కూడ, సూక్ష్మమైన తెరలపై, దాదాపు ఆ మేరకే పెరిగెను. అనగా వాటుకు జరుగు పని చెప్పుకొనదగినంతగా పెరుగలేదు. ఇదే సంస్థ 2013లో 250 వాట్ల జిటిఎక్స్ 780 టిఐ కార్డును, 2014లో 165 వాట్ల జిటిఎక్స్ 980 కార్డును వెలువరించెను. రెండును 28 నానోమీటర్ల విధానముననే తయారైనవి. అయినను రెండవది తక్కువ విద్యుత్తుతో మొదటిదానిని మించెను. ఆ మేలు పంకాలవలన రాలేదు. చిప్పు లోపలి అమరిక మారుటవలన వచ్చినది. 2004లో ఇంటెల్ సంస్థ పెంటియం 4 తరువాతి తేజస్ అను ప్రాసెసరును మానుకొనుటకు వేడియే ఒక ముఖ్య కారణము. వేగమును పెంచుచు వేడిని పంకాలకు వదలివేయు మార్గమునకు హద్దు కలదని ఆనాడే తేలినది.

వాడుకరి చేతిలో నున్న ఉపాయము కూడ ఈ సూత్రమునుండియే పుట్టును. చిప్పు గ్రహించు విద్యుత్తులో అధికభాగము దాని పౌనఃపున్యమునకును, వోల్టేజి వర్గమునకును అనుపాతముగా నుండును. రెంటిని పదవ వంతు చొప్పున తగ్గించినచో ఆ భాగము 0.9 × 0.9 × 0.9, అనగా సుమారు 0.73 వంతునకు దిగును. పదవ వంతు వేగము వదలుకొనిన, ఆ వేడిలో నాలుగవ వంతునకు మించి తప్పును. ఏ ఖరీదైన పంకాయు ఇంత చవకగా ఈ మేలు చేయజాలదు.

కాబట్టి ఫౌండర్స్ ఎడిషన్ చలువ ఏర్పాటును ఉత్తమమైన పనితనముగా అంగీకరించుచునే, అది పరిష్కరించిన సమస్య కొంతవరకు తయారీదారు తానే పెంచినదని గుర్తించవలెను. కారుచున్న కుళాయి క్రింద పెద్ద బాన పెట్టుట ఒక పద్ధతి. కుళాయిని బిగించుట వేరొకటి. కంప్యూటరు కొనువారు ‘ఇది ఎంత వేడిని తరలించును?’ అని మాత్రమే గాక, ‘ఇంత పనికి ఇంత వేడి ఏల పుట్టవలెను?’ అని కూడ అడుగుట అలవరచుకొనవలెను.