రాకెట్టు గొప్పదా, తడక గొప్పదా?

అశ్వారావుపేట అడవుల అంచున వేసవి రాత్రి దక్షిణముగా చూచినవారికి వృశ్చిక రాశి, అందులో ఎర్రని జ్యేష్ఠ స్పష్టముగా కనబడును. సూర్యుని తరువాత ఆకాశమున ఎక్కువ ఎక్స్ కిరణములు పంపు వృశ్చిక ఎక్స్-1 ఆ రాశిలోనిదే. కాని అది కంటికి ఆనదు. దాని ఎక్స్ కిరణములను వాయుమండలము పైననే మ్రింగివేయును. అందుచేతనే రాకెట్టు కావలసివచ్చినది.

1962 జూన్ 18 అర్ధరాత్రి వేళ అమెరికాలోని వైట్ శాండ్స్ నుండి జియకోని బృందము పంపిన ఏరోబీ రాకెట్టు చంద్రుని ఎక్స్ కిరణములను వెదకబోయి ఈ జ్యోతిని పట్టుకొన్నది. ఈ కథ చెప్పువారు రాకెట్టునే పొగడుదురు. అది 225 కి.మీ. ఎత్తునకు పోయిన మాట నిజమే; 80 కి.మీ.లకు పైన ఉన్నది 350 సెకనులు మాత్రమే. అసలు తెలివి లోపలి గైగర్ గణకములలో ఉన్నది. వాని కిటికీలు అభ్రకపు రేకులు (గూడూరు గనులకు పేరు తెచ్చిన ఖనిజమే). ఒకదానికి మందపు రేకు, మరియొకదానికి పలుచని రేకు. రెండింటి లెక్కలలోని తేడాయే వచ్చినవి ఎక్స్ కిరణములని చెప్పినది. మూడు గణకములలో రెండే సరిగా పనిచేసినను, ఈ పోలికకు అవి చాలినవి.

లోపమును గూడ చెప్పవలెను. ఆ గణకములు ఆకాశమును మరీ విశాలముగా చూచినవి. ఏదో ఉన్నదని తెలిసినది గాని, సరిగా ఎక్కడనో తేలలేదు. 1963 ఏప్రిల్‌లో ఫ్రీడ్‌మన్ బృందము గణకము ముందు తేనెపట్టు వంటి అమరిక నుంచి చూపును సుమారు 10 డిగ్రీలకు కుదించినది. అదియు చాలలేదు.

చిక్కు విప్పినది జపాను శాస్త్రజ్ఞుడు మినోరు ఓడా తీగల జాలకము. దానికి అక్కడ 'సుదారె', అనగా వెదురు తెర అని పేరు. రెండు తడకలను ఒకదాని వెనుక ఒకటి నిలిపి, వాని సందులగుండా దూరపు దీపమును చూచుచు నడచినచో అది మినుకుమినుకుమనును. వెడల్పైన మంట అట్లు మినుకుమనదు. 1966 మార్చిలో ఇట్టి జాలకములు రాకెట్టులో ఎగిరినవి. అదే సంవత్సరము జ్యోతి చిరునామా దొరికి, దుర్భిణిలో సుమారు 13వ తరగతి నీలి నక్షత్రముగా కనబడినది.

హైదరాబాదులో టాటా సంస్థవారు 1968లోనే బెలూనులతో ఈ జ్యోతిని పరిశీలించిరి. బెలూను గంటల తరబడి నిలుచును గాని, రాకెట్టంత ఎత్తునకు పోలేదు. కఠిన కిరణములే దానికి చిక్కును. ఈ రెండు కొరతలను తీర్చినది ఉపగ్రహము. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి ఎగిరిన ఆస్ట్రోశాట్‌లోని పెద్ద గణకములకు సైతము చూపును ఒక డిగ్రీకి కుదించు రేకుల గూడు అమర్చియున్నది.