పాఠం చదివే పని

యేసు గ్రంథం చేతబట్టి చదివినట్టు సువార్తల్లో ఒక్కచోటే కనిపిస్తుంది. లూకా 4వ అధ్యాయం. తాను పెరిగిన నజరేతు ఊరు, విశ్రాంతి దినం, సమాజ మందిరం. యెషయా గ్రంథపు చుట్ట చేతికిచ్చారు. ఆయన నిలబడి దాన్ని విప్పి, కావలసిన చోటు చూసుకుని, చదివి, మళ్లీ చుట్టి, పరిచారకుడికి ఇచ్చేసి కూర్చున్నాడు. లూకా ఈ కదలికలన్నిటినీ ఒక్కటీ వదలకుండా రాశాడు. చదివింది యెషయా 61వ అధ్యాయంలోని మాటలు: బీదలకు శుభవార్త, చెరలో ఉన్నవాళ్లకు విడుదల, ప్రభువు దయచూపే సంవత్సరం. అక్కడ ఆగిపోయాడు. యెషయాలో ఆ వచనం అక్కడితో అయిపోదు. వెనువెంటనే దేవుడు దండించే దినం గురించి ఉంది. ఆ మాట పలక్కుండానే చుట్ట మూసేశాడు. ఆ లేఖనం ఆ రోజే, వాళ్లు వింటుండగానే నెరవేరిందని చెప్పాడు.

ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది చదివేవాడి పనిలో ఎంత పెద్ద సంగతో నాకు ఈ ఘట్టమే నేర్పింది. మా సీఎస్ఐ గుడిలో ఆదివారం ఆరాధనకు పాఠం చదివేవాళ్లలో నేనొకణ్ణి. దీన్ని పెద్ద పరిచర్యగా ఎవరూ లెక్కపెట్టరు. ప్రసంగం అయ్యగారిది, పాటలు క్వయర్‌వాళ్లవి, కానుకల సంచులు సంఘ పెద్దలవి. పాఠం మాత్రం ఆ పూట ముందుగా వచ్చినవాళ్ల చేతిలో పెట్టేసే గుళ్లు చాలా ఉన్నాయి. అది నాకు బాధగా ఉంటుంది. ఆరాధన మొత్తంలో ప్రజలు దేవుని మాట వినడానికే కూర్చునే సమయం అది. క్రైస్తవ విశ్వాసంలో దేవుని వాక్యం అంటే ఏమిటో నాకు కాస్తయినా తెలిసింది ఆ పీఠం ముందు నిలబడి పైకి చదివినందువల్లే.

వాక్యం అనగానే మనవాళ్లకు కళ్లముందు కదిలేది నల్ల అట్ట, ఎర్ర అంచుల బైబిలు. కానీ యోహాను తన సువార్త మొదట్లో వాక్యం అని పిలిచింది పుస్తకాన్ని కాదు, ఒక వ్యక్తిని. ఆదిలో దేవుని దగ్గర ఉన్న ఆ వాక్యం శరీరం ధరించి మనుషుల మధ్య కాపురం చేసిందంటాడు. హెబ్రీ పత్రిక రాసినాయన ఇంకో వైపు నుంచి అదే చెబుతాడు: పూర్వం ప్రవక్తల ద్వారా రకరకాలుగా మాట్లాడిన దేవుడు చివరికి తన కుమారుడి ద్వారా మాట్లాడాడని. అంటే క్రైస్తవుడికి దేవుని వాక్యం అన్నిటికంటే ముందు యేసుక్రీస్తే. లేఖనం ఆయన్ని గురించిన సాక్ష్యం. ప్రసంగం ఆ సాక్ష్యాన్ని ఈనాటి మనుషులకు అందించడం. స్విట్జర్లాండ్ వేదాంతి కార్ల్ బార్త్ 1932లో వెలువడిన తన ‘చర్చ్ డాగ్మటిక్స్’ మొదటి సంపుటిలో ఈ మూడింటినీ ఒకే వాక్యానికి మూడు రూపాలుగా వివరించాడు.

అది బడి గదుల్లో కూర్చుని చెప్పుకునే మాటగా మిగల్లేదు. రెండేళ్లకే, 1934 మేలో, జర్మనీలోని బార్మెన్ పట్టణంలో హిట్లర్ ప్రభుత్వం సంఘం మీద పెత్తనం చేయడాన్ని ఎదిరించిన క్రైస్తవులు ఒక ప్రకటన చేశారు. దాని రచనలో ముఖ్యుడు బార్త్. లేఖనాలు సాక్ష్యమిస్తున్న యేసుక్రీస్తు ఒక్కడే తాము వినవలసిన, లోబడవలసిన దేవుని వాక్యమనీ, దాని పక్కన మరే అధికారాన్నీ, మరే నాయకుణ్ణీ దేవుని స్వరంగా నిలబెట్టమనీ దాని సారం. ఆ మరుసటి ఏడాది బార్త్ బాన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. దేవుని వాక్యం ఎవరన్న ప్రశ్నకు జవాబు చెప్పినందుకు మనుషులు మూల్యం చెల్లించిన రోజులవి.

మరి చదివేవాడి సంగతి? రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధన గురించి వెలువరించిన పత్రంలో, గుడిలో లేఖనాలు చదువుతున్నప్పుడు మాట్లాడేది క్రీస్తేనని చెప్పింది. నేను ప్రొటెస్టెంటును. అయినా పాఠం తెరిచే ముందు నాకు గుర్తొచ్చేది ఆ కేథలిక్ మాటే. నా గొంతులో అంత బరువు పెట్టారా అనిపిస్తుంది.

ఈ చదువు ఎంత పాతదో చూడాలంటే నెహెమ్యా 8వ అధ్యాయానికి వెళ్లాలి. చెరనుంచి తిరిగివచ్చిన జనం యెరూషలేములో నీటి గుమ్మం ఎదుట గుమిగూడారు. ఎజ్రా కర్రలతో కట్టిన ఎత్తైన పీఠం ఎక్కి, తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. లేవీయులు జనానికి అర్థం విడమరిచి చెప్పారు. వింటూ వింటూ జనం ఏడ్చారు. ఏడవొద్దు, వెళ్లి మంచి భోజనం చేయండి, ఏమీ వండుకోలేనివాళ్లకు వాటా పంపండి అని వాళ్లను ఓదార్చి పంపారు. పైకి చదవడం, అర్థం చెప్పడం, లేనివాళ్లకు అన్నం పంపడం: ఆరాధన క్రమం ఇంతకంటే బాగా ఎవరైనా రాశారా అంటే నాకైతే తెలియదు. క్రీ.శ. 155 ప్రాంతంలో రోమ్‌లో జస్టిన్ అనే విశ్వాసి చక్రవర్తికి రాసుకున్న విన్నపంలోనూ ఇదే వరుస. ఆదివారం ఊళ్లవాళ్లూ పల్లెలవాళ్లూ ఒకచోట చేరతారు, అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో సమయం ఉన్నంతసేపు చదువుతారు, చదివేవాడు ఆపాక పెద్ద లేచి బోధిస్తాడు, కానుకలు అనాథలకూ విధవరాళ్లకూ వెళతాయి.

అప్పుడు ఇళ్లలో బైబిళ్లు లేవు. మన దగ్గర కూడా చాలాకాలం లేవు. మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసులో 1720ల్లో, 1730ల్లో చేసిన తెలుగు అనువాదం అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగులోకి తెచ్చారు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ చనిపోయారు. వాళ్ల పని బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయింది 1812లో. తాము తెలుగు చేసిన సువార్తలను అచ్చులో చూసుకోకుండానే వెళ్లిపోయారు ఇద్దరూ. అదే 1812 మార్చిలో శ్రీరాంపురం అచ్చు కార్యాలయం తగలబడింది. విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం రాతప్రతి ఆ మంటల్లో పోయింది. ఆయన మళ్లీ కూర్చుని రాశాడు. అది 1814లో వెలువడింది.

ఈ సంగతి చదివినప్పుడల్లా యిర్మీయా 36వ అధ్యాయం గుర్తొస్తుంది. యిర్మీయా చెబుతుంటే బారూకు రాసిన చుట్టను రాజు యెహోయాకీము ముందు చదివారు. చలికాలం, ఎదురుగా కుంపటి. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో కోసి నిప్పుల్లో పడేస్తూ పోయాడు. చుట్ట మొత్తం బూడిదైంది. దేవుడు ఇంకో చుట్ట తీసుకొమ్మన్నాడు. యిర్మీయా మళ్లీ చెప్పాడు, బారూకు మళ్లీ రాశాడు, ఈసారి ఇంకా ఎక్కువ మాటలు చేరాయి. వాక్యానికి కాగితం కావాలి, నిజమే. కాగితం కాలిపోతే మాట్లాడేవాడు మూగవాడు కాడు.

తెలుగు పల్లెల్లో ఆ మాట ముందు చెవుల్లోకే వెళ్లింది. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య పరిచర్య చేసిన ఊళ్లలో కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఎక్కువమందికి చదువు రాదు. కథలుగా, పాటలుగా విని నేర్చుకున్నారు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత అజరయ్య తమ తలమీద చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాట పలికించేవారు. విన్నవాళ్లే చెప్పేవాళ్లు కావాలి. చదువు రాకపోవడం దానికి అడ్డం కాదు.

అలాంటి తరం చివరివాళ్లలో ఒక పెద్దావిడ మా సంఘంలో ఉంది. సంతకం నేర్చుకుందంతే, చదవడం రాదు. ముందు వరస చాప మీద కూర్చుంటుంది. నేను పాఠం చదువుతుంటే ఆమె పెదవులు నాకంటే ఒక మాట ముందు కదులుతుంటాయి. పేతురు బొంకిన భాగం చదివిన ఆదివారం బయట చెప్పులేసుకుంటూ నన్ను పిలిచింది. “బాబూ, కోడి కూసినకాడ కాస్త ఆగావు చూడు, అక్కడ నాకు ప్రభువు పేతురుని చూసిన చూపు కనపడింది” అంది. ప్రభువు తిరిగి పేతురువైపు చూశాడన్న మాట లూకా ఒక్కడే రాశాడు. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఏ సువార్త చదువుతున్నామో చెవితోనే పోల్చుకుంటుంది.

ఇక పని సంగతి. శనివారం సాయంత్రం గది తలుపేసుకుని పాఠం పైకి చదువుకుంటాను. పెన్సిలుతో చిన్న గీతలు పెడతాను: ఊపిరి తీసుకునే చోట ఒకటి, పూర్తిగా ఆగే చోట రెండు. పౌలు పత్రికలకు ఈ గీతలు లేకపోతే కష్టం. ఎఫెసీ మొదటి అధ్యాయంలో 3వ వచనం నుంచి 14 దాకా గ్రీకులో ఒకే వాక్యం. తెలుగులో ముక్కలు చేసినా ఒక్కో ముక్క బారెడు. పైగా మనకు క్రియ చివర వస్తుంది. కర్త ఎక్కడో మొదట్లో ఉండిపోతాడు. మధ్యలో చదివేవాడి గొంతు దిగిందంటే వినేవాళ్లకు మాట అక్కడే తెగిపోతుంది. క్రియ వచ్చేదాకా గొంతు నిలబెట్టాలి. అలాగని నాటకంలో డైలాగు చెప్పినట్టు చదవకూడదు. అప్పుడు జనం చదివేవాణ్ణి చూస్తారు. పేర్ల విషయంలో మాత్రం నేను పట్టుదలగా ఉంటాను. రోమా 16లో పౌలు ఒక్కొక్కరినీ పేరుపెట్టి వందనాలు చెబుతాడు. ఆ అధ్యాయంలో మొదటి పేరు ఫీబే, కెంక్రేయ సంఘ పరిచారకురాలు. ఆ ఉత్తరం రోముకు తీసుకెళ్లింది ఆమేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ పేర్లను తడబడుతూ దాటేస్తే ఆ మనుషుల్ని దాటేసినట్టే.

మన సంఘాల్లో ఒక అలవాటు గురించి కూడా చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక ఒక వచనం రాసిన వాగ్దాన కార్డు తీసుకుంటాం. ఆ చిన్న కార్డు పర్సులో పెట్టుకుని ఏడాదంతా ధైర్యం తెచ్చుకునేవాళ్లను నేను తక్కువ చేయను. కానీ ఒక వచనాన్ని దాని చుట్టూ ఉన్న మాటల నుంచి కోసి చేతిలో పెడితే, వినవలసింది సగమే వింటాం. అందరూ ఇష్టపడే యిర్మీయా 29:11నే తీసుకోండి. దేవుడు మంచి ఉద్దేశాలు పెట్టుకున్నాడనే ఆ మాట బబులోనుకు చెరపోయినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దాని ముందు వచనంలోనే డెబ్భై ఏళ్లు పడుతుందని ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి సొంత ఊరు చూసి ఉండరు. ఇదంతా విన్నాక ఆ వాగ్దానం చిన్నదైపోదు. జనవరిలో ఉద్యోగం ఇచ్చే మాటకంటే చాలా పెద్దదవుతుంది. కార్డు తీసుకున్నవాళ్లు ఆ రాత్రే ఇంటికి వెళ్లి అధ్యాయం మొత్తం కుటుంబ ప్రార్థనలో పైకి చదవాలని నా కోరిక.

ఓదార్పు లేని భాగాలూ ఉన్నాయి. 88వ కీర్తన 18 వచనాలూ మొరే. చివరికి చీకటిలోనే ఆగిపోతుంది. విలాప కీర్తనల్లో చాలావాటిలాగా స్తుతివైపు మళ్లదు. దాన్ని చదివేటప్పుడు చివర్లో గొంతు మెత్తగా చేసి ఓదార్చాలనిపిస్తుంది. చేయకూడదు. ఉన్నదున్నట్టు ఆపేయాలి. అలా చదివిన ఆదివారం, ఎదిగిన కొడుకును పోగొట్టుకున్న ఒకాయన గుడి మెట్ల దగ్గర నన్ను పట్టుకుని, “అన్నా, ఇది బైబిల్లోనే ఉందా?” అని అడిగాడు. ఉందన్నాను. ఇంకేమీ అడగలేదు, కీర్తన సంఖ్య మాత్రం రాసుకుని వెళ్లాడు. మనిషి దేవుడికి పెట్టుకున్న మొర, దేవుడు జవాబివ్వలేదన్న ఫిర్యాదు కూడా దేవుని వాక్యంలో చేరాయి. మన బాధకు కావలసిన మాటల్ని కూడా ఆయనే మన నోటికి అందించాడన్నంత దూరం వెళుతుంది ఈ విశ్వాసం. దీన్ని మించిన దయ నాకు తోచదు.

వచ్చే ఆదివారం పాత నిబంధన పాఠం హోషేయ 11. ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి మొదటిసారి చదవబోతోంది. ఎఫ్రాయిముకు నడక నేర్పిన తండ్రిలా దేవుడు మాట్లాడే అధ్యాయం అది. తప్పిపోయిన బిడ్డల మీద కోపం, వాళ్లను వదులుకోలేనితనం రెండూ పక్కపక్కనే ఉంటాయి. నిన్న సాయంత్రం సాధన చేస్తూ ఆమె 8వ వచనం దగ్గర ఆగింది. “అంకుల్, ఇక్కడ దేవుడు కోపంగా ఉన్నాడా, ఏడుస్తున్నాడా? ఎలా చదవాలి?” అంది. కోపం ఇంకా చల్లారలేదని నేనన్నాను. ఆమె అధ్యాయం మొదటినుంచి మళ్లీ చదివి, “కాదంకుల్, ఇక్కడ కోపం ఆయన్నే నొప్పిస్తోంది” అంది. అలాగే చదవమన్నాను.