అక్షరం మోసే బరువు

హౌరా నుండి ఖరగ్‌పూర్ వైపు పోయే రైలుమార్గంలో హౌరా తరువాతి స్టేషను టికియాపారా. పసుపుపచ్చని పలకపై నల్లని అక్షరాలతో, బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు లిపులలో ఆ పేరు కనిపిస్తుంది. రోమన్ అక్షరం నేలపై కాళ్లూని నిలుస్తుంది. నాగరి, బెంగాలీ అక్షరాలు నెత్తిపైని గీతను పట్టుకొని వ్రేలాడుతాయి. ఒకే పేరును ఒకే లావుతో వ్రాసినప్పటికీ బరువు ఒకే చోట పడదు. ప్రకటనల కొరకు పుట్టిన లావుపాటి అక్షరాలను విమర్శించబూనినవారు మొదట గమనించవలసిన విషయమిది.

ఇట్టి అక్షరాలలో స్లాబ్ సెరిఫ్ జాతి ప్రసిద్ధమైనది. రోమన్ అక్షరపు కొనలకు అడ్డంగా ఉండే చిన్న గీతను సెరిఫ్ అంటారు. పుస్తకపు టైపులో అది సన్నగా ఉంటుంది; ఈ జాతిలో ఇంచుమించు నిలువుగీతంత లావై, రాతిపలక వలె నిలుస్తుంది. 19వ శతాబ్దపు రెండవ దశకంలో లండన్ నగరంలో విన్సెంట్ ఫిగిన్స్ వీనిని 'యాంటీక్' పేరుతో వెలువరించాడు. నెపోలియన్ 1798 నాటి దండయాత్ర తరువాత యూరప్‌లో పెరిగిన ఈజిప్టు మోజు వల్ల 'ఈజిప్షియన్' అనే పేరు వీనికి స్థిరపడింది. ఆ దేశపు లిపితో వీనికి చుట్టరికం లేదు. గోడపత్రం మీద నిలిచి బాటసారిని ఆపడమే వీని పని. 1845లో రాబర్ట్ బెస్లీ ప్రకటించిన 'క్లారెండన్' ఆ మోటుదనాన్ని తగ్గించింది. నిలువుగీత సెరిఫ్‌ను కలిసే మూలను వంపుతో నింపి, మామూలు టైపు నడుమ ఒక మాటను ఎత్తిచూపే నేర్పు సంపాదించింది. నిఘంటువులలో పదశీర్షికలకు అది అక్కరకు వచ్చింది. కేక వేయడానికి పుట్టిన అక్షరం ఆ విధంగా వేలు పెట్టి చూపడం నేర్చుకున్నది.

మరి తెలుగు మాటేమిటి? హౌరా ఉన్న హుగ్లీ పడమటి గట్టుననే శ్రీరాంపూర్ ఉన్నది. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అక్కడి మిషన్ ముద్రణాలయంలో అచ్చయింది. తాటాకుపై గంటపు మొనతో గుండ్రదనం దిద్దుకున్న లిపి మనది. దీనికి కాళ్లు లేవు. నెత్తిన ఎడతెగని గీత లేదు. తలకట్టు ఉన్నది గాని, అది అకారపు గుర్తు. గుడి వచ్చినచోట తొలగిపోతుంది. దాని కొనకొక పలక అతికించి, తెలుగు స్లాబ్ సెరిఫ్ తయారైనదనుకోవడం సరికాదు. గీతలను ఊరక లావు చేసినా ప్రమాదమే. ద, థ, ధ అనే మూడింటి భేదం కడుపులోని చుక్కలోను, క్రింది చిన్న గీతలోను ఉన్నది. కడుపు పూడిపోతే 'కథ' కాస్తా 'కధ' అవుతుంది.

హిందీ నుండి తెలుగు చేసేవారికి ఈ చిక్కు పరిచితమే. హిందీలో ఒక మాటను నొక్కి చెప్పడానికి ప్రక్కన 'హీ' అనే విడిమాటను చేరుస్తారు. 'రామ్ హీ ఆయా' అన్నదానిని మనం 'రాముడే వచ్చాడు' అంటాము. నొక్కు బయటినుండి వచ్చి చేరలేదు. మాట కడపటి అచ్చులోనే పలికింది. అక్షరశిల్పి చేయవలసినదీ అదే. ముంబయికి చెందిన ఏక్ టైప్ సంస్థ రూపొందించిన 'బలూ' కుటుంబంలో బెంగాలీ అక్షరాలకు 'బలూ దా' అని, తెలుగు అక్షరాలకు 'బలూ తమ్ముడు' అని పేర్లు. వీనికి పలకలు లేవు. లావు మాత్రం ఉమ్మడి సొత్తు, నిర్మాణం ఏ లిపికి ఆ లిపిది. అయితే వాని ఉబ్బిన గుండ్రదనంలో హాస్యం పాలు ఎక్కువ. గంభీరమైన ప్రకటనకు అది ఒప్పదు. స్లాబ్ సెరిఫ్‌లోని నిబ్బరాన్ని తెలుగు వంపులోనే సాధించడం అంతకన్న కష్టమైన పని, చేయదగిన పని.

టికియాపారా మీదుగా పోయే ఈ మార్గమే చేరే ఖరగ్‌పూర్‌లో, రైల్వే కొలువులకై వచ్చి స్థిరపడిన తెలుగువారు తరతరాలుగా ఉన్నారు. పరభాషా ప్రాంతంలో పెరిగే పిల్లలకు గుడి మీదనో, దుకాణం మీదనో కనిపించే పేరే తరచుగా తెలుగు వాచకం. ఆ అక్షరం దూరానికి ఆనితే చాలదు. దగ్గరకు వచ్చిన పిల్లవాడు దానిని తప్పు లేకుండా చదవగలగాలి.