లేదని చెప్పే దుకాణం

ఎన్నికల తేదీలు ప్రకటించిన మర్నాడు మా తిరుపతి వైపు రెండు రకాల దుకాణాల ముందు జనం చేరతారు. ఫ్లెక్సీలు అచ్చేసే చోట ఒకటి, తుపాకులు దాచిపెట్టే చోట రెండోది. మొదటిదాని సంగతి అందరికీ తెలుసు. రెండోదానికి బోర్డు కూడా సరిగా కనిపించదు. ఒక మెట్టు, రెండు గ్రిల్ తలుపులు, లోపల ఇనుప బీరువాలు, లావుపాటి రిజిస్టర్లు. దాన్ని ఆయుధాల దుకాణమంటారు.

2024లో మార్చి 16న కోడ్ వచ్చింది. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు పోలీస్ స్టేషన్‌లోనో, గుర్తింపు ఉన్న దుకాణంలోనో అప్పజెప్పి రసీదు తీసుకోవాలని కబురు పోయింది. మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. అంటే మూడు నెలలకు కాస్త తక్కువ. స్టేషన్‌లో పెడితే ఖర్చు లేదు, తుప్పు ఉంది. దుకాణంలో పెడితే నెలకింత అని అద్దె, కానీ దుకాణదారుడు గొట్టంలో నూనె గుడ్డ దూర్చి తుడిచి పెడతాడు. అందుకే తెలిసినవాళ్లు దుకాణానికే వస్తారు. దుప్పట్లో చుట్టి ఒకరు, పిల్లవాడి క్రికెట్ బ్యాగులో పెట్టుకుని మరొకరు. ఊళ్లో తుపాకీ ఉన్న ఆసామిగా పేరున్న పెద్దమనిషి కూడా రసీదు చేతికొచ్చేసరికి రేషన్ వరసలో నిలబడ్డ మనిషిలా అయిపోతాడు. చూడ్డానికి నాకైతే బాగుంటుంది.

ఈ దుకాణంతో మా ఇంటికి మూడు తరాల లెక్క ఉంది. మా జేజినాయనది భాకరాపేట వైపు ఊరు. ఆయన సింగిల్ బ్యారెల్ తుపాకీ మా నాయన పేరు మీదికి వచ్చింది. దాని రెన్యూవల్ పనులకు తిరిగేది నేను. అలా కూర్చుని కూర్చుని ఈ వ్యాపారంలోని కిటుకు ఒకటి అర్థమైంది. అక్కడ అమ్మడం పెద్ద పని కాదు, లేదని చెప్పడమే అసలు పని.

అది దుకాణదారుడి గుణమే కాదు, చట్టం ఆయన నెత్తిన పెట్టిన బాధ్యత కూడా. 1959 ఆయుధ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివాడికి అమ్మకూడదు. ఎదుటి మనిషి మతి స్థిమితంగా లేదని తెలిసినా, అలా అనుకోడానికి కారణం ఉన్నా అమ్మకూడదు. కారణం ఉందో లేదో ఎవరు చూడాలి? కౌంటర్ వెనక ఉన్నవాడే. చేతిలో లైసెన్సున్నా మాట తీరు తేడాగా ఉంటే ఈయన "తూటాలు స్టాకు లేవు, వచ్చే వారం రా సామీ" అంటాడు. వెనక బీరువాలో ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాల డబ్బాలు ఉంటూనే ఉంటాయి. ఆ వారంలో ఆ మనిషి కోపం చల్లారుతుందని ఆయన లెక్క. అబద్ధమే, కానీ ఆ అబద్ధాన్ని నేను తప్పు పట్టను.

వేటకని వచ్చేవాళ్లు ఇప్పుడు లేరు. 1972 వన్యప్రాణి చట్టంతో వేట కట్టడి అయింది, 1991 సవరణతో వేట లైసెన్సులే పోయాయి. ఒకప్పుడు ఇది వేటగాళ్ల సీమే. బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ 1954లో అచ్చయిన పుస్తకంలో మా చామల లోయ పులి మీద ఒక అధ్యాయమే రాశాడు. ఈనాడు అధికారికంగా మిగిలిన వేట తిరుమలలో కనుమ నాటి పార్వేట ఒక్కటే, అదీ స్వామివారిది.

కొత్త లైసెన్సులు కూడా ఈ ఊరికి అంత సులువుగా రావు. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కొత్తగా ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ఒప్పుకోవాలి. తిరుపతికి వీపు వెనకే శేషాచలం. ఇక దుకాణానికి కొత్త గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది?

నిలకడైన గిరాకీ బ్యాంకు గార్డులే. ఎక్కువమంది సైన్యంలో చేసి వచ్చినవాళ్లు. సొంత లైసెన్సు, సొంత డబుల్ బ్యారెల్. నిజానికి సెక్యూరిటీ ఏజెన్సీవాళ్లు ఉద్యోగమిచ్చేది ఆ మనిషికి కాదు, ఆయన లైసెన్సుకు. రెన్యూవల్ ఆలస్యమైతే జీతం ఆగుతుంది. 2019 సవరణలో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు. ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించిన సంగతే పేపర్లలో పెద్దగా వచ్చింది. గార్డులకు మాత్రం ఆ రెండేళ్లే పెద్ద వార్త. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయ్యాక చిత్తూరు కలెక్టరేట్ దాకా పోయే బస్సు ఖర్చు కూడా మిగిలింది వాళ్లకు.

ఎయిర్‌గన్ కోసం వచ్చే కుర్రాళ్లది ఇంకో వరస. పాయింట్ 177 బోరు, 20 జౌళ్లకు మించని శక్తి ఉంటే దానికి లైసెన్సు అక్కర్లేదు. ఆ సంగతి వాళ్లకు దుకాణదారుడి కంటే బాగా తెలుసు. "దేన్ని కాల్చేదానికి?" అంటాడీయన. "కోతుల్ని సార్, మామిడితోపులో." "సరే, తోపు మీ నాయనదే గదా, ఆయన్ని పిల్చుకోని రా." సగం మంది మళ్లీ రారు.

వీళ్లందరినీ పంపేయడం తేలికే. రైతును పంపడం కష్టం. పలమనేరు వైపు నుంచి ఒకాయన వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"పందులు చెనిక్కాయ చేనంతా తవ్వి పారేసినాయన్నా. మొన్న ఏనుగులు గూడా దిగినాయి. ఏదో ఒకటి ఇయ్యి."

"ఏనుక్కి తుపాకీ లేదు నాయనా, నీకూ లేదు, నాకూ లేదు."

చట్టంలో రైతుకొక దారి ఉంది. పంట కాపాడుకోడానికి మందు కూరి కాల్చే తుపాకీకి లైసెన్సు అడగొచ్చని 1959 చట్టమే రాసింది. కానీ ఆ తుపాకీ చేతికొచ్చినా పందిని కాల్చాలంటే అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. అంటే అది చప్పుడుకే. చప్పుడుకైతే టపాసులు చాలు గదా అని ఆ రైతే అన్నాడు. 1980ల నుంచి తమిళనాడు, కర్ణాటక అడవుల మీదుగా ఇటు వస్తున్న ఏనుగులు టపాసులకు ఎప్పుడో అలవాటు పడిపోయాయి. 2025 మేలో కర్ణాటక శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఇచ్చింది. ఏనుగును తరమడానికి ఏనుగే కావాలని సర్కారు ఒప్పుకుందన్నమాట.

ఇక్కడ మాత్రం లేదనే మాట నాకు సగమే నచ్చుతుంది. దుకాణదారుడు లేదన్నాక ఆ రైతు ఎక్కడికి పోవాలి? కొందరు నాటు తుపాకీ చేసేవాడి దగ్గరికి పోతారు. కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతారు. పందికని పెట్టిన నాటుబాంబు కొరికి ఆవు దవడ పగిలిన వార్తలు ఈ జిల్లాల్లో కొత్తవి కావు. కౌంటర్ దగ్గర లేదన్నది సరే, అటవీ కార్యాలయంలో ఏదో ఒకటి ఉందనాలి. పంట నష్టం డబ్బయినా కోతల నాటికి రావాలి.

మా సంగతి. నాయనకు డెబ్బై దాటింది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు వచ్చినా, తుపాకీ 25 ఏళ్లు ఆయన దగ్గరే ఉన్నా వారసుడి పేరు మీదికి మార్చుకోవచ్చని 2016 నిబంధనలు చెబుతున్నాయి. ఆ కాగితాలు పట్టుకుని దుకాణానికి పోయాను.

"ఎందుకు నీకు?" అన్నాడు.

"జేజినాయనది."

"అది చుట్టరికం. కారణం చెప్పు."

కాసేపు ఆలోచించాను. మాకు చేను లేదు, నాకు శత్రువులు ఉంటే గింటే పేపర్లో ఉత్తరాలు రాసేవాళ్లే. అమ్మేస్తామన్నాను. దానికీ ఒక పద్ధతి ఉందట. కొనేవాడి పేరుతో కలెక్టర్‌కో స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలి, కొనేవాడికి లైసెన్సు ఉండాలి. నాయన సంతకంతో పీలేరు గార్డు ఒకాయన పేరు రాసిచ్చాం, ఆగాం. ఆ గార్డు వచ్చాడు. గొట్టం విప్పి వెలుతురుకు పెట్టి చూశాడు, మడత దగ్గర వేలితో నొక్కాడు, కట్టె మీద గీతలున్నాయన్నాడు. అవి మా నాయన చిన్నప్పుడు మేకుతో గీసినవి. వాటికింత అని ధర తగ్గించమన్నాడు. దుకాణదారుడు నా వైపు చూశాడు. కొంత తగ్గించాను. ఇంకొంచెం అన్నాడు. లేదన్నాను.